ఎర్ర వెలుతురు మిషనుకు మూడో ప్రారంభోత్సవం

గోదావరిఖనిలోని బొగ్గు కంపెనీ దవాఖానలో రొమ్ము గడ్డను ఎర్ర వెలుతురుతో పరీక్షించే మిషనుకు మొన్నామధ్య సోమవారం ముచ్చటగా మూడోసారి ప్రారంభోత్సవం జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మొదటిసారి అధికారులు చేశారు. అది చెల్లదని, కిందటి ఎన్నికల్లో గెలిచిన గుర్తింపు కార్మిక సంఘం మళ్లీ చేసింది. మిషను తమ పోరాట ఫలమేనంటూ ఈసారి ప్రతిపక్ష సంఘం రిబ్బను కట్టింది. యూనియన్ ఎన్నికలు దగ్గరపడితే ఇది మామూలే.

మూడుసార్లూ మంచం మీద కూర్చోబెట్టిన రోగి మాత్రం ఒక్కతే. బొగ్గుబాయి కార్మికుడు టిమోతి భార్య రెజీనా. ఆపరేషన్‌కు ముందు గడ్డ కరగాలని ఆమెకు మందు ఎక్కిస్తున్నారు. గడ్డకు నెత్తురు పారడం తగ్గినట్టు మిషను చూపిస్తే మందు పనిచేస్తున్నట్టు. మందు మొదలుపెట్టకముందే ఒక చిత్రం తీశారు. రెండోది ఆ రోజే తీయాలి. గడ్డ లొంగకపోతే వెంటనే మందు మార్చాలి. జుట్టంతా రాలగొట్టుకుని, తిన్నదంతా కక్కుకుని, చివరికి మందు ఉత్తదని తేలితే ఎట్లా అన్నదే రెజీనా భయం.

మిషనుకు ఒకటే పట్టింపు, గది చీకటిగా ఉండాలి. ఫొటోలకూ ఒకటే పట్టింపు, గది వెలుగుతూ ఉండాలి. వైద్యశాస్త్రం పెద్దమనసుతో సర్దుకుంది.

ప్రతిపక్ష సంఘం నాయకుడు ఎల్లేశం గొంతు సవరించుకున్నాడు. "అన్నలారా, అక్కలారా! మేం కొట్లాడకుంటే ఈ మిషను వచ్చేదా? ఇగ ఏ ఆడబిడ్డకు... ఆ... ఆ జాగల గడ్డ లేసినా ఫికర్ చెయ్యద్దు!" మేనేజ్‌మెంటును నిలదీసే ఆ నోట రొమ్ము అనే మాట మాత్రం పెగల్లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

"డాక్టరమ్మా, నా ఫొటో ఎప్పుడు తీస్తరు?" అంది రెజీనా.

"వీళ్లు పోవాలె కదక్కా," అంది డాక్టర్ సాదియా.

రెజీనా లేచి స్విచ్చులన్నీ ఆపేసింది. "నా గడ్డను చీకట్ల చూడాల్నట. ఉండేటోళ్లు ఉండుండ్రి."

బాయిలో ఏళ్లకేళ్లు చీకట్లో పనిచేసిన నాయకులు, ఫొటో పడని చీకట్లో నిమిషం నిలవలేకపోయారు.

సాదియా తలుపేసి చిత్రం తీసింది. పాత చిత్రం పక్కన పెట్టి చూసింది. "మందు పట్టిందక్కా! గడ్డకు నెత్తురు బాగ తగ్గింది." రెజీనా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, ఆ వెంటనే నవ్వింది.

మర్నాడు పక్క క్వార్టర్ మల్లక్క పేపరు పట్టుకొచ్చింది. "ఫొటోల నువ్వు యాడున్నవే?" ఎల్లేశం భుజం వెనక కనిపిస్తున్న తన తల స్కార్ఫు ముక్కను రెజీనా వేలితో చూపించింది. సాయంత్రానికి క్వార్టర్ల లైనంతా వచ్చి, చాయ్ తాగి, ఏ సంఘం గెలుస్తుందో వాదించుకుని వెళ్లింది. గడ్డ సంగతి ఎవరూ అడగలేదు.

ఇక్కడిదాకా చదివిన మీరు ఏమడగబోతున్నారో మాకు తెలుసు. ఎన్నికల్లో ఎల్లేశమే గెలిచాడు.