నొప్పి లేని సూదికి ఏకగ్రీవ ఆమోదం

ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, మా ఊరి పళ్ల ఆసుపత్రిలో నొప్పిని రద్దు చేశారు. పన్ను తీసేముందు చిగురుకి ఇచ్చే మత్తు సూది ఇకమీదట ఎవరికీ నొప్పి పుట్టించరాదనీ, ఒకవేళ పుడితే అందుకు రోగిదే పూర్తి బాధ్యత అనీ ఉత్తర్వు వెలువడింది. ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తట్టలేదో నాకు అంతుపట్టలేదు.

దీనంతటికీ కారణం మా పెద్దక్క. ఆవిడ బడిలో పెద్ద పంతులమ్మ. వరండాలో దగ్గితే చాలు, పై అంతస్తులో పిల్లలు సర్దుకుని కూర్చుంటారు. అలాంటి మనిషి సూదిని చూడగానే కుర్చీ దిగి, మెడకి కట్టిన కాగితపు తువ్వాలుతో సహా వీధిలోకి పరుగు తీసింది. బతిమాలి తీసుకొస్తే మళ్లీ పరుగు తీసింది. ఈలోగా దవడ వాచి ఒక కన్ను సగం మూసుకుపోయింది. ఈ వారంలో ఆ పన్ను తీయకపోతే చీము ఎముకలోకి దిగుతుందని డాక్టర్లు తేల్చి చెప్పారు. ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడింది.

పెద్ద పంతులమ్మ నడివీధిలో అలా పరిగెత్తడం ఊరంతా చూడబట్టి ఆసుపత్రి పరువు పోయింది. వెంటనే పెద్ద డాక్టరుగారి అధ్యక్షతన తలపండినవాళ్లతో కమిటీ వేశారు. అందులో పొరపాటున చోటు దొరికిన ఒక కుర్ర డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది. చిగురు తుడిచి తిమ్మిరి మందు పూసి కాసేపు ఆగుదామంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మత్తుమందు చల్లదనం పోనిద్దామంది. సూది దించాక మందుని ఒక్కసారిగా తొయ్యకుండా మెల్లిగా వదులుదామంది. కమిటీ ఓపిగ్గా విని మూడింటినీ తోసిపుచ్చింది. ఆగడం అనే పనికి ఆసుపత్రిలో రోగుల్ని తప్ప ఇంకెవర్నీ నియమించలేదు. ఇక తిమ్మిరి మందంటారా, వాడితే అయిపోతుందని దాన్ని స్టోరు గదిలో తాళం వేసి భద్రంగా దాచారు.

కమిటీ అసలు జబ్బు ఎక్కడుందో కనిపెట్టింది. నొప్పి అనే మాట చెవిన పడబట్టే రోగికి నొప్పి పుడుతోంది. కాబట్టి ఆ మాటను నిషేధించి, దాని స్థానంలో 'స్పర్శానుభూతి' అనే మాటను ప్రవేశపెట్టారు. మర్నాడే ఒక తాపీమేస్త్రీ కుర్చీలో "అమ్మో, నొప్పి" అని కేక పెడితే, నర్సమ్మ ఆయన్ని బయటికి పంపి, మళ్లీ లోపలికి పిలిచి సరిగ్గా కేక పెట్టించింది. ఆయన ఆ కొత్త మాట పలికే ప్రయత్నంలో పంటి సంగతే మరిచిపోయాడని కమిటీ ఎంతో సంతోషించింది.

ఆ తర్వాత చీమ సమస్య వచ్చిపడింది. సూది వేసేముందు డాక్టర్లంతా "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అంటారు కదా. ఏ చీమ? ఎర్రచీమా, నల్లచీమా, గండుచీమా? ఇంత ముఖ్యమైన విషయాన్ని రోగి ఊహకి వదిలెయ్యడం బాధ్యతారాహిత్యమని ఉపసంఘం వేశారు. పురుగుల శాస్త్రం చదివిన ఆచార్యుల్ని పిలిపించారు. సుదీర్ఘ చర్చ మీదట నల్లచీమకే ఓటు పడింది. రోగులకి ధైర్యం కలిగేలా గోడల నిండా నల్లచీమల బొమ్మలు వేయించారు. అవి చూసి పారిశుద్ధ్యం వాళ్లు చీమల మందు చల్లిపోతే, రోగులు దవడలు పట్టుకుని తుమ్ముతూ కూర్చున్నారు. అక్క దవడలో చీము, కమిటీ బుర్రలో చీమ, రెండూ సమానంగా పెరుగుతూ వచ్చాయి.

నొప్పి లేని సూది ప్రారంభోత్సవం రోజు రానే వచ్చింది. మొదటి రోగిగా మా అక్కనే ఎంపిక చేశారు. నొప్పి తీసేశారక్కా, ఉత్తర్వు కూడా వచ్చిందని నేనే నచ్చజెప్పాను. తెరుచుకుని ఉన్న కంటితో నన్ను చూసి, "నువ్వు పక్కనే ఉంటావు కదరా?" అంది. అక్క గొంతు అంత చిన్నగా ఉండగా నేనెప్పుడూ వినలేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది.

"ఉంటానక్కా. నీకు నొప్పంటే నేనే ఆపిస్తాను" అన్నాను.

కుర్చీకి రిబ్బను కట్టారు. కత్తిరించడానికి ఆరోగ్య శాఖ పెద్దాయన వచ్చారు. రోగి తాలూకు వాళ్లకి ముందు వరసలో మెత్తటి సోఫాలు వేసి, టీ బిస్కెట్లు ఇచ్చారు. వద్దంటే బాగోదు కదా, కూర్చున్నాను. కుర్ర డాక్టరమ్మ ఎలా సంపాదించిందో గానీ తిమ్మిరి మందు పట్టుకుని అక్క పక్కన నిలబడింది. అయితే ఉపన్యాసాలు సాగి, పెద్దాయనకి ఇంకోచోట ఇంకో రిబ్బను కత్తిరించే వేళయింది. పెద్ద డాక్టరుగారు ఆ అమ్మాయిని పక్కకి జరిపి సూది తానే అందుకున్నారు.

"నోరు కదపకండమ్మా. ఏదైనా అనిపిస్తే చెయ్యెత్తండి, చాలు" అన్నారు అక్కతో.

అని, సూది దించుతూనే సభ వైపు తిరిగారు. "మన విధానంలో స్పర్శానుభూతి బొత్తిగా లేదని ఆమోదించేవారు చేతులెత్తవలసిందిగా కోరుతున్నాను."

అందరికన్నా ముందు మా అక్క చెయ్యి లేచింది. వేళ్లన్నీ విడివడి, నిటారుగా లేచింది. వెంటనే రెండోది కూడా లేచింది. రోగి రెండు చేతులా ఆమోదించారని మైకులో ప్రకటించగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అక్క కంట్లోంచి ధారగా కారుతున్నవి ఆనందబాష్పాలని కూడా ప్రకటించారు. ఆవిడకి నొప్పిగా ఉందని కుర్ర డాక్టరమ్మ అనబోతే, నర్సమ్మ ఆ మాటని అక్కడికక్కడే సరిదిద్దింది. వరసగా చేతులు లేచాయి. చివరికి అందరూ నా వైపు చూశారు. అక్క కూడా చూసింది. నేను టీ కప్పు ఎడమచేతికి మార్చుకుని, కుడిచెయ్యి ఎత్తాను. తీర్మానం ఏకగ్రీవమైంది.

పన్ను ఎప్పుడు తీస్తారని అడిగితే, ఇవాళ్టి కార్యక్రమం సూది వరకేనన్నారు. తీసే విభాగం వేరు, రేపు రావాలి. రేపటికి మత్తు దిగిపోతుంది కదా అంటే, "మళ్లీ సూది వేస్తాం. నొప్పి లేదని మీరే చెయ్యెత్తారు కదా, మీకేం ఇబ్బంది?" అన్నారు. న్యాయమే.

దారిలో అక్క నా చెయ్యి పట్టుకుని నడిచింది. మూతి ఒక పక్కకి జారిపోయి ఉంది. నాలుక మొద్దుబారి ఉంది. అయినా ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని అడిగింది.

"నువ్వెందుకెత్తావురా?"

"అందరూ ఎత్తారు కదక్కా" అన్నాను.

అక్క నా చెయ్యి వదిలించుకుని ముందు నడిచింది. నా జవాబులో తప్పేముందో నాకైతే ఇప్పటికీ బోధపడలేదు. ఎప్పుడో ఒకప్పుడు మీరూ ఈ జవాబే చెప్పి ఉంటారు కాబట్టి, మీకేమైనా తెలిస్తే చెప్పండి.