పచ్చ లేబులు మీద ఫిర్యాదు

ఆ ఆదివారం ఉదయం లిఫ్టు మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. వంటగది అలమరకు ఊడిన తలుపు బిగించాలి. పదకొండింటికి రెండు పచ్చ లేబులు సీసాలు ఫ్రిజ్జులో పెట్టాలి. పన్నెండున్నరకు బాల్కనీలో కూర్చుని, కాళ్ళు స్టూలు మీదకు చాపి, మొదటి సీసా మూత తియ్యాలి. వారానికి ఒక్క రోజు, రెండే రెండు సీసాలు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆయన భార్యను అడిగి పుచ్చుకున్న వరం అదొక్కటే. ఆవిడ ఇచ్చిన మాట తప్పలేదు, ఆయన మూడో సీసా ముట్టలేదు.

పచ్చ లేబులు అంటే ఊరి చివరి ఫ్యాక్టరీలో తయారయ్యే, వారాల తరబడి చలిలో నిలవ ఉంచి తీసే లాగరు బీరు. లేత పసుపు రంగులో, తేటగా, ఏ గొప్పలూ పోకుండా ఉంటుంది. పదిహేనేళ్ళ కిందట ఆ ఫ్యాక్టరీని ఒక మహా కంపెనీ కొనేసింది. ఆనాటి నుంచి రుచి తెలిసినవాళ్ళమని చెప్పుకునే ప్రతివాడూ ఆ సీసాను చూసి మొహం చిట్లించడం మొదలుపెట్టాడు. మెకానిక్ మాత్రం మానలేదు. ఫ్యాక్టరీలో సరుకు ఎక్కించే లిఫ్టుకు నెలనెలా నూనె పెట్టేది ఆయనే. అవే టాంకులు, అవే నీళ్ళు, రబ్బరు బూట్లు వేసుకుని టాంకుల మధ్య తిరిగే అదే మేస్త్రి. మారింది గేటు మీది బోర్డు ఒక్కటేనని ఆయన కళ్ళారా చూశాడు.

పథకాన్ని పాడుచేసినవాడు బావమరిది. అతను పళ్ళ డాక్టరు. నెలకోసారి తనలాంటి మరో ఆరుగురితో కూర్చుని, అరుదైన బీర్లను చిట్టి గ్లాసుల్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేసి, నోటుపుస్తకంలో రాసుకుంటాడు. ఉమ్మించడం వృత్తి కాబట్టి ఉమ్మడానికి మొహమాటపడడు. ఆ రోజు చెప్పాపెట్టకుండా వచ్చి, గుడ్లగూబ బొమ్మ ఉన్న తన సీసాను చంటిపిల్లను పడుకోబెట్టినట్టు బల్ల మీద పెట్టాడు.

"బావా, ఇంకా ఇదే తాగుతున్నావా?" అన్నాడు పచ్చ లేబులు వైపు చూస్తూ.

"ఇదే. నీకేం ఇబ్బంది?"

"అది బీరు కాదు బావా, కంపెనీ సరుకు. సబ్బులు చేసేవాళ్ళే ఇదీ చేస్తున్నారు. నా గుడ్లగూబ చూడు. నారింజ తొక్క, కాలిన కట్టె, చివర్లో కొంచెం వాన వాసన. ఒక ఆత్మ ఉంది దీనికి."

"నేను తాగేది దాహానికి. ఆత్మ సంగతి తర్వాత చూసుకుంటాలే."

"పోనీ, నువ్వు తప్ప దాన్ని బాగుందన్న మనిషిని ఒక్కణ్ణి చూపించు."

మెకానిక్‌కు ఒళ్ళు మండింది. చూపించడానికి నిజంగానే ఎవరూ లేరు. తాగేవాళ్ళు ఉన్నారు, తలుపు వేసుకుని తాగుతారు, నలుగురిలో ఆ పేరెత్తరు. "ఎవరూ అనకపోతే నేనే అంటాను. తయారుచేసేవాళ్ళతోనే అంటాను" అని సీసా తిప్పి, లేబులు అడుగున ఉన్న నంబరుకు అక్కడికక్కడే ఫోను చేశాడు.

ఫిర్యాదుకు ఒకటి, పాత ఫిర్యాదు సంగతి తెలుసుకోవడానికి రెండు నొక్కమని రికార్డు గొంతు చెప్పింది. మూడో దారి లేదు. ఆయన ఒకటి నొక్కాడు.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సర్. ఏం జరిగింది?" అంది ఒక అమ్మాయి.

"ఏం జరగలేదమ్మా. పచ్చ లేబులు బాగుంది. ఆ మాట చెబుదామని చేశాను."

అవతల ఫారంలో గడి వెతుకుతున్న కీబోర్డు చప్పుడు వినిపించింది.

"బాగుంటే... మరి ఇబ్బంది ఏంటి సర్?"

"ఇబ్బందేం లేదు."

"ఇబ్బంది లేకపోతే ఫారం ముందుకెళ్ళదు సర్. రుచి, వాసన, రంగు, సీసా పగలడం. ఈ నాలుగే ఉన్నాయి. ఏది పెట్టమంటారు?"

"రుచి పెట్టు."

"ఇదివరకటికీ ఇప్పటికీ రుచి మారిందా? అవునా, కాదా?"

మెకానిక్ ఆలోచించాడు. లిఫ్టులకు భద్రతా పత్రాలు రాసే మనిషి; అవును, కాదు అనే గడుల దగ్గర అబద్ధం ఆడలేడు. ఈ నెల వచ్చిన సీసాలు నిజంగానే మునుపటికంటే మెత్తగా, నిండుగా ఉన్నాయి. "మారింది. ఇంకా బాగుపడింది" అన్నాడు.

"అవును అని పెడుతున్నాను సర్. సీసా మీది బ్యాచి నంబరు చెప్పండి."

కాసేపటికి మెసేజి వచ్చింది. భార్య కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "ఏమండీ, మీ ఫిర్యాదు నమోదైంది అంటున్నారు. మీరు పొగిడారు కదా?"

"వాళ్ళ భాష అంతేలే" అని ఆయన రెండో సీసా తీశాడు.

సోమవారం ఉదయం కంపెనీ నుంచి తెల్ల చేతితొడుగులతో ఇద్దరు వచ్చారు. ఇంట్లో మిగిలిన పచ్చ లేబులు సీసాలన్నీ ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి సీలు వేశారు. మెకానిక్ గుమ్మానికి అడ్డంగా నిలబడి "బాగుందని చెప్పానయ్యా" అన్నాడు. "అంతా బాగైపోతుంది సర్" అని ఓదార్చి, క్షమాపణగా ఒక కొత్త కేసు ఇచ్చి వెళ్ళారు.

పళ్ళ డాక్టరు ఈలోగా ఖాళీగా లేడు. కుర్చీలో నోరు తెరిచి పడుకున్న ప్రతి రోగికీ "మా బావే ఫిర్యాదు చేశాడండీ, ముప్పై ఏళ్ళుగా తాగుతున్న మనిషి" అని చెప్పాడు. నోట్లో గొట్టం ఉన్నవాళ్ళు ఎదురు ప్రశ్న వేయలేరు. బయటికి వచ్చాక ఒకరికి కడుపు తిప్పినట్టు గుర్తొచ్చింది, ఇంకొకరికి తల పట్టేసినట్టు గుర్తొచ్చింది. ఒకాయన తన పన్ను పుచ్చడానికి కూడా పచ్చ లేబులే కారణమని ఫోను చేశాడు. బుధవారానికి ఫిర్యాదులు నలభై మూడయ్యాయి. కంపెనీ ల్యాబులో ఏ దోషమూ దొరకలేదు. దొరకకపోవడంతో అనుమానం ఇంకా పెరిగింది. షాపుల్లోంచి ఆ బ్యాచి నంబరు సరుకంతా వెనక్కి తెప్పించారు.

మెకానిక్ పనిచేసే చోట సూపర్‌వైజరు ఆయన్ను పిలిచి "చెడిపోయిన సరుకు తాగారట. డాక్టరు కాగితం తెచ్చేదాకా లిఫ్టు గోతిలోకి దిగొద్దు" అన్నాడు. డాక్టరు పొట్ట నొక్కి, నాలుక చూసి, లక్షణాలేమిటని అడిగాడు. ఏమీ లేవన్నాడు మెకానిక్. డాక్టరు జాగ్రత్తగల మనిషి. 'లక్షణాలు ఇంకా బయటపడలేదు' అని రాశాడు. దాంతో మూడు రోజులు ఆయన ఆఫీసులో ఫోన్లు ఎత్తుతూ కూర్చున్నాడు.

గురువారం కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. వినియోగదారుల అసంతృప్తిని గౌరవిస్తూ పచ్చ లేబులు తయారీని శాశ్వతంగా ఆపేస్తున్నామని, శనివారం ఫ్యాక్టరీకి వచ్చి ఫైలు మూయడానికి సంతకం చెయ్యమని ఉంది. మెకానిక్ దాన్ని రెండుసార్లు చదివాడు. లోకంలో దాన్ని బాగుందన్నది తానొక్కడే, దాని పీక నొక్కిందీ తానే. ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు.

"సంతకం పెడతారా?" అంది భార్య.

"పెట్టను."

"పెట్టకండి. కానీ గట్టిగా అరవకండి. మీరు అరిస్తే మాట తడబడుతుంది."

శనివారం ఫ్యాక్టరీ సమావేశం గదిలో పెద్దాఫీసు నుంచి వచ్చిన అధికారిణి లావుపాటి ఫైలుతో కూర్చుంది. తలుపు పక్కన టాంకుల మేస్త్రి టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఉత్తరం సంగతి విని, తన మాట నెగ్గడం చూడాలని, పళ్ళ డాక్టరు కూడా వెంట వచ్చాడు.

"మీలాంటివారి వల్లే మేం మెరుగుపడుతున్నాం" అంది అధికారిణి, కాగితం ముందుకు జరుపుతూ. "'సంతృప్తి చెందాను' అన్నచోట సంతకం పెట్టండి."

"చెందలేదండీ."

"మీరు చెప్పిన సరుకునే ఆపేస్తున్నాం కదా?"

"అందుకే చెందలేదు." మెకానిక్ లేచి నిలబడ్డాడు. భార్య మాట గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "నేను ఫోను చేసి ఒక్క మాటే అన్నాను. బాగుంది అన్నాను. మీ ఫారంలో ఆ మాటకు చోటు లేదు. దీన్ని ఎవరు కొన్నారో నాకు అనవసరం. సీసా మీద గుడ్లగూబ లేదు, నారింజ తొక్కా లేదు. ఎండన పడి పని చేసొచ్చినవాడికి గొంతులో చల్లగా దిగే బీరు ఇది. దాన్ని బాగుందనడానికి ఎవరి పర్మిషనూ నాకక్కర్లేదు. రుచి మారిందా అన్నారు, మారింది, ఇంకా బాగుపడింది. చేతకాక ఆపుకుంటే ఆపుకోండి. నా సంతకంతో మాత్రం ఆపలేరు."

టాంకుల మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"రుచి మారిన మాట నిజమేనండీ" అన్నాడు. "మామూలుగా అయిదు వారాలు చలిగదిలో ఉంచుతాం. ఈసారి ఆర్డర్లు లేవు. ఎవరూ అడక్కపోతే ఇంకో మూడు వారాలు అలాగే ఉండిపోయింది. లాగరు ఎంత పడుకుంటే అంత బాగుంటుంది. ఎవరైనా గమనిస్తారేమో అనుకున్నాను." ఆయన టోపీని గుండ్రంగా తిప్పాడు. "ఇరవై ఆరేళ్ళయింది నేనిక్కడ చేరి. బాగుందని ఫోను రావడం ఇదే మొదలు." అని కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

అధికారిణి మాత్రం కలం కింద పెట్టేసింది. "అయితే ఫిర్యాదు నిజమేనా? కారణం కూడా తేలిందా?"

"తేలిందండీ. మూడు వారాలు."

ఆవిడ గబగబా ఫైలు వెనక్కి తిప్పి, నిబంధనల కాగితం మీద వేలు పెట్టింది. చదువుతున్నకొద్దీ మొహం పాలిపోయింది. "కారణం తేలిన ఫిర్యాదును, ఫిర్యాదీ సంతృప్తి చెందితే తప్ప మూయకూడదు. ఫిర్యాదు మూసేవరకు ఆ ఉత్పత్తిని ఆపకూడదు. అప్పటిదాకా అదే కారణాన్ని ఉంచి, నెలకో టాంకు తయారుచేసి, ఫిర్యాదీ చేత పరీక్షింపజేయాలి."

"మిగతా నలభై రెండు ఫిర్యాదులో?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"వాటికి కారణం తేలలేదు. అవి ఈ పూటే మూసేస్తాను."

"టాంకు నిండా తయారుచేస్తే, పరీక్షకు పోను మిగిలింది?" అన్నాడు మేస్త్రి ఆశగా.

"షాపులకు పంపాల్సిందే. పారబోస్తే దానికి వేరే ఫైలు తెరవాలి."

"అయితే ఫిర్యాదీ ఎప్పటికీ సంతృప్తి చెందకపోతే?" అని మెకానిక్ వినయంగా అడిగాడు.

అధికారిణి కాగితం రెండో వైపు తిప్పింది. అక్కడ ఏమీ రాసి లేదు.

తొమ్మిది వారాల తర్వాత ఒక ఆదివారం, పన్నెండున్నరకు, మెకానిక్ బాల్కనీలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. పక్కన పళ్ళ డాక్టరు. ఎక్కడా దొరకకుండా పోయిన ఆ రెండు నెలల్లో అతని మిత్రబృందం పచ్చ లేబులు కోసం మూడు ఊళ్ళు గాలించింది. దానికి తోడు, క్షమాపణగా వచ్చిన కేసు విప్పితే అందులో పన్నెండు గుడ్లగూబలు ఉన్నాయి, వెనక చిన్న అక్షరాల్లో అదే మహా కంపెనీ పేరు ఉంది. ఆ సీసా చూసినప్పటి నుంచి డాక్టరు ఆత్మ గురించి మాట్లాడటం తగ్గించాడు. ఇప్పుడు గ్లాసు ఎత్తి, గుటక వేశాడు. ఉమ్మలేదు.

"ఎలా ఉందిరా?" అన్నాడు మెకానిక్.

"ఇంకొంచెం పొయ్యి బావా."

"రెండే సీసాలు" అని వంటగదిలోంచి భార్య గొంతు వినిపించింది. "కంపెనీ పనైనా సరే, రెండే. ఇద్దరికీ కలిపి."

మెకానిక్ గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, కంపెనీ పంపిన ఫారం తొడ మీద పెట్టుకున్నాడు. సంతృప్తి చెందారా అన్నచోట 'లేదు' గడిలో టిక్కు పెట్టాడు. వివరాలు అన్నచోట కాసేపు ఆలోచించి, గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'పరిస్థితిలో ఏ మార్పూ లేదు.'