మరియమాత ఎడమకు తిరిగిన పండగ

ఆగస్టు పండగ పొద్దున షిమే వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, చర్చిలోని మరియమాత విగ్రహాన్ని తన తెరచాప పడవలో ఎక్కించుకుని, ఎదురుగా ఉన్న దిబ్బదీవిని ఒక చుట్టు చుట్టి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. మాతను మోసే వంతు ఊళ్ళో పడవలన్నీ తిరిగి తిరిగి ఈ యేటికి అతని దగ్గరకు వచ్చింది. మళ్ళీ వచ్చేసరికి తను ఉంటాడన్న నమ్మకం లేదు.

అతని భార్య పెరీనాకు కావలసింది వేరే. దీవిని చుట్టేటప్పుడు, రేవుకు ఎడమవైపు తీరంలో దూరంగా స్మోక్వినా ఊరు కనబడుతుంది. అక్కడ నీలం తలుపుల ఇంట్లో ఆమె చెల్లెలు లూత్సియా ఉంటుంది. ఒకప్పుడు ఒక పెళ్ళివిందులో లూత్సియా మొగుడు బేపో, షిమే తోటలోని ఆలివ్ నూనెను నాలుక్కి రాసుకుని, "తలుపు బందులకు బాగుంటుంది" అన్నాడు. ఆ రోజు నుంచి షిమే ఆ ఊళ్ళో కాలు పెట్టలేదు, భార్యను పెట్టనివ్వలేదు. అక్కచెల్లెళ్ళు ఏటా పండగనాడు నీళ్ళ మీంచి చేతులు ఊపుకుంటారు. అంత దూరం నుంచి చెయ్యి ఎవరిదైనా ఒకలాగే ఉంటుంది. కిందటేడు పెరీనా ఊపింది చెల్లెలికో, ఆరేసిన దుప్పటికో ఆమెకే తెలియదు.

రేవుకు వెళ్ళి చూస్తే చుక్కాని బిగుసుకుపోయి ఉంది. పిడి పట్టుకుని లాగితే పడవ కదిలింది, పిడి కదల్లేదు.

"ఈస్టరుకు చుక్కాని కడ్డీ తిరిగే గొట్టంలో నూనె పొయ్యమన్నాను. పోశావా?" అని పెరీనాను అడిగాడు షిమే.

"నిండా పోశాను."

"మన నూనేనా?"

"మనదే. ఇంకొకళ్ళది పోస్తే ఇంట్లో ఉండనిస్తావా?"

సొంత ఆలివ్ చెట్లుండగా గ్రీజు కొనేవాణ్ణి వాళ్ళ ఊళ్ళో మగాడి కింద లెక్కగట్టరు. చెవిపోటుకైనా, పడవకైనా అదే నూనె. పక్క పడవ యెర్కో గొట్టంలోకి తొంగిచూసి తల ఆడించాడు.

"నూనె పొయ్యడం తప్పు కాదురా. నీ నూనె పొయ్యడం తప్పు." తన సీసా తెచ్చి వంపాడు. షిమే ఊరుకుంటాడా? తనది మరో సీసా వంపాడు. రెండు తోటల నూనె గొట్టం నిండి పొర్లి, పడవంతా సలాడ్ గిన్నెలా తయారైంది. చర్చి ఫాదర్ స్తీపే వచ్చి, రాకియా సారా పోస్తే జిడ్డు కరుగుతుందన్నాడు. సగం గొట్టంలోకి, సగం గొంతులోకి వెళ్ళింది. యెర్కో కొయ్యసుత్తితో కడ్డీ మీద నాలుగు దెబ్బలు వేస్తే ఫాదర్ చేతిలోని గ్లాసు మాత్రం ఊడి నీళ్ళలో పడింది.

చివరికి పెరీనా బంగాళాదుంపలు ఉడుకుతున్న గిన్నె తెచ్చి, మరుగుతున్న నీళ్ళు గొట్టం మీద వంచింది. పిడి వెన్నలా తిరిగింది.

"మాత మహిమ," అన్నాడు ఫాదర్.

"దుంపల మహిమ," అంది పెరీనా.

విగ్రహం పీట పట్టడం కోసం తెడ్లు ఒడ్డునే దింపేశారు. పడవ యజమాని భార్య విగ్రహాన్ని పట్టుకుని కూర్చోవాలి, కనుక పెరీనా మాత నడుం చుట్టూ చెయ్యి వేసి కూర్చుంది. ఆచారం ప్రకారం మాత మళ్ళీ ఒడ్డెక్కేదాకా ఎవరూ ఇంజను వెయ్యకూడదు, ఏ పడవా ఆమెను దాటిపోకూడదు. ఊరు ఊరంతా తెరచాపలెత్తి షిమే వెనకాల బయలుదేరింది.

రేవు నోటి దగ్గర రాళ్ళను తప్పించడానికి, ఏ పడవైనా తిప్పాల్సినట్టే, షిమే తన పడవను ఎడమకు తిప్పాడు. అంతలో మరిగే నీళ్ళ వేడి చల్లారింది. పిడి అక్కడే నిలిచిపోయింది.

"షిమే, దీవి కుడివైపు ఉంది," అన్నాడు ఫాదర్.

"తెలుసు ఫాదర్."

"మనం ఎడమకు పోతున్నాం."

"అదీ తెలుసు. మీరు ప్రార్థన ఆపకండి."

"ఎక్కడికిరా?" అని వెనకనుంచి యెర్కో అరిచాడు.

"మాత వెనకాల నడిచేవాడికి ఆ ప్రశ్న ఎందుకురా?"

ఆ మాట పడవనుంచి పడవకు పోతూ పెరిగింది. రెండో పడవలో బిషప్పుగారి కొత్త ఆజ్ఞ అయింది. నాలుగో పడవకు చేరేసరికి స్మోక్వినాలో ఎవరో పోయారని తేలింది. ఆఖరి పడవలో ఆడవాళ్ళు చావుపాట ఎత్తుకుని ఏడవడం కూడా మొదలుపెట్టారు.

స్మోక్వినా వాళ్ళకు కనబడింది మాత, ఆమెను మోస్తూ తమ ఊళ్ళో కాలు పెట్టనన్న షిమే, వెనక అతని ఊరు మొత్తం, ఏడుస్తూ. వాళ్ళు గంటలు కొట్టి, బల్లలు ఒడ్డుకు మోసుకొచ్చారు. బేపో తెల్లచొక్కాతో నడుంలోతు నీళ్ళలోకి దిగి పడవ ముక్కు పట్టుకున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు.

"నన్ను క్షమించడానికి ఇంతమందిని వెంటబెట్టుకుని వచ్చావా అన్నయ్యా?"

నిజం చెప్పడానికి షిమే నోరు తెరిచాడు. ఫాదర్ అతని కాలు తొక్కాడు.

"ఆఁ," అన్నాడు షిమే.

పడవను ఒడ్డుకు లాగి, చుక్కాని కిందికి దించి చూశారు. కడ్డీకి పట్టిన పాత నూనె ముదురుపాకంలా గోధుమరంగున సాగుతోంది. బేపో దాన్ని వేలితో తీసి వాసన చూశాడు.

"అన్నయ్యా, ఆనాడు బందులకు బాగుంటుందన్నాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

"ఇప్పటికైనా ఒప్పుకున్నావు," అన్నాడు షిమే గర్వంగా. గొర్రెమాంసం రెండోసారి వడ్డించుకునేటప్పుడు గానీ ఆ మాట అసలు అర్థం అతని తలకెక్కలేదు. కానీ కోప్పడి లేచిపోవడానికి మాంసం మరీ బాగుంది.

లూత్సియా కిరసనాయిలు గుడ్డతో కడ్డీ తుడుస్తోంది. పెరీనా పక్కన కూర్చుని చెల్లెలి చేతులనే చూస్తోంది. దగ్గరనుంచి చూస్తే అవి అచ్చం అమ్మ చేతులు.

"అక్కా, చిన్నప్పుడు అమ్మ కుట్టుమిషనుకు ఇలాగే ఆలివ్ నూనె పోశాం. చలికాలం గడిచేసరికి చక్రం బిగుసుకుపోయింది. ఇద్దర్నీ చీపురుకట్ట పట్టుకుని తరిమింది. మరిచిపోయావా?"

"మరిచిపోలేదు," అంది పెరీనా.

లూత్సియా తుడవడం ఆపి అక్క ముఖంలోకి చూసింది. పెరీనా గుడ్డ అందుకుని మిగతాది తనే తుడిచింది.

వచ్చే యేడు మాతను మోసే వంతు యెర్కోది. ఈస్టరుకు అతని చుక్కానికి నూనె పోసే పని పెరీనా ఇప్పుడే అడిగి పెట్టుకుంది.