మర్యాదగా ఊరుకున్న డబ్బాలు

ఆ గురువారం పొద్దున్న అబ్బులు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ తినాలి, మొగల్తూరు సెంటర్లో బండికి పెట్రోలు పోయించుకోవాలి, ఇరవైరెండు చెరువుల్లో తేలుతున్న ఇరవైరెండు డబ్బాలకు పట్టిన నాచు తుడిచి రావాలి. రెండో ఇడ్లీ దగ్గర ఉండగా ఫోన్లో కంపెనీ మెయిలు వచ్చి పడింది. మూడో ఇడ్లీ ప్లేటులోనే ఉండిపోయింది.

ఆ కంపెనీ బెంగళూరులో ఉంది. కార్లలోకీ ఫోన్లలోకీ వెళ్లే చిప్పులు చేయడం దాని అసలు పని. మూడేళ్ల కిందట అక్కడెవరో ఇంజినీరు సరదాపడి, ఒక చిప్పును నీళ్లలో తేలే డబ్బాలో పెట్టి, రొయ్యల చెరువులో ప్రాణవాయువు ఎంత ఉందో కొలిచేలా తయారుచేశాడు. అది తగ్గిందంటే డబ్బా అంబులెన్సులా కూస్తుంది. రైతు పరుగెత్తుకెళ్లి, నీళ్లను చిలికే ఏరేటరు ఆన్ చేస్తాడు. రొయ్యలు బతుకుతాయి. కంపెనీ దృష్టిలో అదొక పక్క ప్రాజెక్టు. మొగల్తూరు దృష్టిలో కంపెనీ అంటేనే ఆ డబ్బా.

మెయిల్లో ఉన్న సంగతి ఇది. కంపెనీ తనకన్నా పెద్దదైన మరో చిప్పుల కంపెనీని అప్పు చేసి కొనేసింది. ఆ అప్పు తీరాలి కాబట్టి అసలు పనికి సంబంధం లేనివన్నీ ఆపేస్తోంది. వచ్చే గురువారం రాజేంద్ర అనే మేనేజరు వస్తారు. వారం రోజుల రీడింగులు చూసి, డబ్బాలు ఉంచాలో తీసేయాలో తేల్చేస్తారు.

అబ్బులుకు ముందు గుర్తొచ్చింది తన జీతం కాదు, బుజ్జమ్మ. ఎనిమిదేళ్లు కువైట్‌లో ఎవరి పిల్లలకో అన్నాలు తినిపించి, ఆ కూడబెట్టిందంతా తెచ్చి ఎకరన్నర చెరువు కౌలుకు తీసుకున్న మనిషి ఆమె. ఎండ లేక నీళ్లలో ప్రాణవాయువు పడిపోయి, మొదటి పంట మొత్తం ఒక్క ముసురు రోజున తెల్లారేసరికి చచ్చిపోయింది. ఆ తర్వాత ఏడాదిపాటు ఆమె ఇంట్లో పడుకోలేదు. చెరువుగట్టు మీద నాలుగు తాటాకులు కప్పుకుని, నీళ్ల వైపు చూస్తూ కూర్చునేది. డబ్బా పెట్టిన రోజున అబ్బులు ఆమెతో, "ఇంక ఇంటికెళ్లి పడుకో అక్కా. ఇది ఎక్కడికీ పోదు, నాదీ పూచీ," అన్నాడు. రెండేళ్లుగా ఆమె ఇంట్లోనే పడుకుంటోంది.

అబ్బులు తిన్నగా రొయ్యల రైతుల సంఘం ప్రెసిడెంటు పల్లంరాజు గారింటికి వెళ్లాడు.

"రాజుగారూ, వచ్చే గురువారం ఓ నలుగురు రైతులొచ్చి, డబ్బా వల్ల మేలు జరిగిందని రెండు మాటలు చెబితే చాలండి."

మెయిలు సంగతి విన్న పల్లంరాజు గారికి మొదటి సగమే చెవికెక్కింది. "ఏంటీ? మనోళ్లు అంత పెద్ద కంపెనీని కొనేశారా!"

"అప్పు చేసి కొన్నారండి."

"అప్పు చెయ్యకుండా ఎవడు కొన్నాడయ్యా? మా తాతగారు రైసుమిల్లు కొన్నదీ అప్పు చేసే."

"ఆ మిల్లు ఇప్పుడెక్కడుందండి?"

"అది వేరే సంగతి. ముందు షామియానా వాడికి చెప్పు."

ఆ నలుగురు రైతులూ రెండు మాటలూ సాయంత్రానికి సన్మాన సంఘమై కూర్చున్నాయి. అక్కడే ఎవరో కిందటేటి అవమానం తవ్వి తీశారు. ఒక ప్రొఫెసరు గారు వచ్చి మైకులో మాట్లాడుతుంటే త్రిమూర్తులు అనే రైతు చెరువులో డబ్బా కూసింది. ఎవరి చెరువోనని రెప్పపాటులో కుర్చీలన్నీ ఖాళీ. పాపం ఆయన మిగతా ఉపన్యాసం షామియానా గుంజలకు చెప్పి వెళ్లిపోయాడు.

"ఈసారి అలా జరిగితే మన ఊరి మర్యాద మంటగలిసినట్టే," అన్నారు పల్లంరాజు గారు. "వారం రీడింగులూ చూస్తాడంట. డబ్బా కూసినట్టు ఒక్క ఎర్రగీత కనబడకూడదు. ఇవాళ్టి నుంచే అందరూ ఏరేటర్లు ఆపకుండా తిప్పండి. డబ్బా కూసిందా, నేనూరుకోను."

వెనక నుంచి బుజ్జమ్మ లేచింది. "అది కూస్తేనే కదండీ దాని పని తెలిసేది?"

"ఇంటికి చుట్టం వస్తే పిల్లాడు ఏడుస్తూ ఉంటే బాగుంటుందా బుజ్జమ్మా?"

"బతికున్నాడని తెలుస్తుంది కదండీ."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఆమె మాట కొట్టుకుపోయింది. ఆమె అబ్బులు వైపు చూసింది. ఎర్రగీతలు చూసి డబ్బాలు చెడిపోయాయనుకుంటారేమోనని అబ్బులు భయం అబ్బులుది. "రాజుగారు చెప్పిందీ నిజమే అక్కా," అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంటుంది.

ఆ వారమంతా ముసురు. మామూలుగా అయితే డబ్బాలు గొంతు పగిలేలా కూయాల్సిన వారం. ఒక్కటీ కిక్కురుమనలేదు. రాత్రీ పగలూ ఏరేటర్లు తిరుగుతుంటే రొయ్యలు ఎరగని సుఖం అనుభవించాయి. ఆపకుండా తిరిగి తిరిగి ఆరో రోజున బుజ్జమ్మ ఏరేటరు మోటారు కాలిపోయింది. ఆమె త్రిమూర్తులు దగ్గర పాతది అడిగి తెచ్చి బిగించుకుంది.

ఈలోగా పన్నెండడుగుల ఫ్లెక్సీ వచ్చింది. రాజేంద్ర ఫోటో ఇంటర్నెట్టులో దొరికింది గానీ, అందులో ఆయన చేతులు కట్టుకుని ఉన్నాడు. స్వాగతం ఫ్లెక్సీలో అలా ఉంటే బాగుండదని నరసాపురం షాపువాడు, ఎన్నికల్లో ఓడిపోయిన ఒకాయన బొమ్మలోంచి నమస్కారం పెడుతున్న చేతులు తెచ్చి ఈయనకు అతికించాడు.

గురువారం కారు దిగిన రాజేంద్ర, తనకు తానే నమస్కారం పెడుతున్న తన బొమ్మను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. బక్కపల్చటి మనిషి. టీ తాగి వెళ్లిపోవచ్చనుకుని వచ్చాడు. మెడలో దండ పడింది, భుజాన శాలువా పడింది, మైకులో పల్లంరాజు గారి గొంతు పడింది.

"అంత పెద్ద కంపెనీని కొన్నందుకు మా సంఘం తరఫున అభినందనలు! ఇదే ఊపులో మా మండలానికి ఇంకో ఐదొందల డబ్బాలు ఇప్పించాలని కోరుతున్నాం!"

చప్పట్లు మోగాయి. అభినందనలు అందుకుంటున్న రాజేంద్ర మొహం పరామర్శ అందుకుంటున్నట్టు ఉంది. అబ్బులును పక్కకు పిలిచి, చెరువుగట్టు మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు. ఇరవైరెండు చెరువులు, ఇరవైరెండు పచ్చగీతలు, ఒక్క వంకర లేదు.

"అబ్బులుగారూ, వారమంతా ఇక్కడ ముసురే కదా?"

"ఆయ్. సూర్యుడి మొహం చూడలేదండి."

"మరి ఒక్క అలారం కూడా లేదేంటి?"

"ఒక్కటీ లేదండి!" అబ్బులు గర్వంగా అన్నాడు.

రాజేంద్ర లాప్‌టాప్ మూసేశాడు. "ఈ డబ్బా చేసింది నేనేనండి. ఆపేస్తామంటే, ఒక్కసారి చూసొస్తానని బతిమాలి వచ్చాను. ముసురు వారం చూసుకుని మరీ వచ్చాను. తక్కువలో తక్కువ ముప్పై అలారాలుంటాయి, ముప్పైసార్లు చెరువులు బతికాయని రాద్దామనుకున్నాను."

 అబ్బులు జరిగిందంతా గబగబా చెప్పేశాడు. ప్రొఫెసరు, మర్యాద, ఏరేటర్లు, కాలిపోయిన మోటారు, ఏదీ దాచలేదు. డబ్బా తప్పు లేదని చెప్పుకోవడానికి దారి దొరికిందని, వింటున్న రాజేంద్ర మొహంలోకి వెలుగొచ్చింది. వెంటనే బెంగళూరుకు ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, అదంతా మళ్లీ చెప్పాడు.

అవతలి గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "అంటే డబ్బా కూయకపోయినా వాళ్లు చెరువులు కాపాడుకోగలరన్నమాట. చాలా సంతోషం. అదే రాసేయండి. వచ్చేటప్పుడు డబ్బాలు వెంట తెచ్చేయండి."

"సార్, రోజూ అలా తిప్పితే మోటార్లు..."

ఫోన్ కట్టయింది.

భోజనాల దగ్గర రాజేంద్ర కళ్లలో నీళ్లు చూసి, రొయ్యల వేపుడులో కారం ఎక్కువైందనుకుని పల్లంరాజు గారు స్వయంగా పెరుగు వడ్డించారు. సంగతి తెలిశాక ఆయన చేయి పెరుగు గిన్నెలోనే ఆగిపోయింది. "మర్యాద చేశామయ్యా, ద్రోహం చెయ్యలేదు," అని మూడుసార్లు అన్నారు. 

మధ్యాహ్నం అబ్బులు డబ్బాలు తీసుకొచ్చే పనిలో పడ్డాడు. బుజ్జమ్మ చెరువు చివరికి మిగుల్చుకున్నాడు. అతను వెళ్లేసరికే ఆమె నడుం లోతు నీళ్లలోకి దిగి డబ్బా తీసి, చీర చెంగుతో తడి తుడుస్తోంది.

"అక్కా, నేను పూచీ అని..."

"నువ్వేం చేస్తావులే తమ్ముడూ. వాళ్లెవరో ఏదో కొనుక్కున్నారు." డబ్బా అతని చేతిలో పెట్టింది. "నాచు పట్టకుండా చూడు. బాగా పనిచేసేది."

కారు డిక్కీలో ఇరవైరెండు డబ్బాలూ సర్దారు. నీళ్లలోంచి తీస్తే కాసేపటికి అవి కూస్తాయన్న సంగతి ఆ హడావుడిలో చేసినవాడూ మర్చిపోయాడు, తుడిచినవాడూ మర్చిపోయాడు. కారు సెంటరు దాటుతుండగా అన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. షామియానా విప్పుతున్న రైతులందరూ చేతిలో తాళ్లు అక్కడే వదిలేసి, ఎవరి చెరువు వైపు వాళ్లు పరుగెత్తారు. సగం దూరం పోయాక గుర్తొచ్చి ఒక్కొక్కరే ఆగిపోయారు. బుజ్జమ్మ మాత్రం గట్టు దాకా పరుగెత్తింది.

ఆ నెలాఖరుకి కంపెనీ అబ్బులునూ తీసేసింది, రాజేంద్రనూ తీసేసింది. బుజ్జమ్మ మళ్లీ గట్టు మీద పాక వేసుకుంది. ఈసారి తాటాకులు అవసరం పడలేదు. పన్నెండడుగుల ఫ్లెక్సీని పల్లంరాజు గారే మోసుకొచ్చి, తలెత్తకుండా పాక మీద కప్పి వెళ్లారు. బొమ్మ చెరువు వైపుకు వచ్చింది.

ప్రస్తుతం కంపెనీ తరఫున మొగల్తూరులో చెరువును కనిపెట్టుకుని ఉన్నది ఆ ఒక్కాయనే, అదీ వేరేవాళ్ల చేతులతో.