మనోని కత్తి

నాలుగు కోట్ల ప్రజల ఆకాంక్షను మోస్తున్న ఈ కడుపు మీద పరాయి ప్రాంతపు కత్తి పడటానికి వీల్లేదని, మరిపెడ తెలంగాణ దీక్షా శిబిరంలో జగపతి పడుకునే ప్రకటించాడు! లేచి కూర్చుని ప్రకటిద్దామంటే పొత్తికడుపులో కుడివైపు పోట్లు పొడిచేస్తున్నాయి మరి. కోత తప్పేలా లేదని చూసినవాళ్లు అప్పటికే అనేశారు.

ఆమరణ నిరాహార దీక్షకు అది రెండో రోజు. మరణానికి ఆయన ఎంత సిద్ధమో చెప్పలేంగానీ, నిరాహారానికి మాత్రం బొత్తిగా సిద్ధం కాడు. హోటలు ఫకీర్ అహ్మద్ గుట్టుగా పంపిన బిర్యానీని, శిబిరం వెనక మైకుసెట్టు ఆటోలో జెండాల చాటున కూర్చుని ఆ మధ్యాహ్నమే కడుపారా లాగించాడు. నాయకుడు బతికితేనే కదా ఉద్యమం బతికేది! సంగతి వాళ్లిద్దరికి తప్ప మూడో కంటికి తెలియదు. కట్టుకున్న ముత్తమ్మకు కూడా.

మహబూబాబాద్‌లోని ఓ ప్రైవేటు దవాఖానకు తీసుకుపోతే, అపెండిక్స్ అన్నారు. పగిలితే ప్రాణానికే ముప్పట. అక్కడ సర్జన్లు ఇద్దరు. చేతివాసి ఎవరిదని అడిగితే ఊరంతా గుంటూరు డాక్టరునే చెప్పింది. ఆయన్నే పిలవమని ముత్తమ్మ అందరి కాళ్లావేళ్లా పడింది. శిబిరం వాళ్లు వింటేనా! రెండో డాక్టరు ప్రకాశ్‌ది ఏ ఊరు, వాళ్ల అమ్మమ్మది ఏ ఊరు అని కూపీలు లాగారు. ఎన్ని కడుపులు కోశాడని మాత్రం ఒక్కరూ అడగలేదు. పాలకుర్తి మనిషే అని తేలింది. తెల్లకోటు మీద ఉద్యమం బ్యాడ్జీ కూడా ఉంది. ఇంకేం కావాలి!

ప్రకాశ్ వస్తూనే జగపతి కాళ్లకు మొక్కాడు. ఆపరేషన్ ఇప్పుడే చేసేద్దామన్నాడు.

"వేరేటోళ్లనైతే కడుపు ఖాళీ అయ్యేదాక ఆపుతం. మత్తుల ఉన్నప్పుడు తిన్నది ఎగదన్ని ఊపిరితిత్తులల్ల పడితే మనిషి దక్కడు. అన్నకు గా పరేషాన్ లేదు, నిన్నటి సంది మెతుకు ముట్టలే" అన్నాడు భక్తిగా.

జగపతికి మధ్యాహ్నం బిర్యానీ గుర్తొచ్చింది. నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది. తలుపు బయట చూస్తే జనం జై కొడుతున్నారు.

"డాక్టర్ సాబ్, ఎవలనైనా ఒకపారి అడగాలె గద... ఏమన్న తిన్నవా అని" అని నసిగాడు.

ప్రకాశ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిన్ను గట్ల అడిగితే నా నోట్ల పురుగులు పడుతయన్నా."

స్ట్రెచర్ కదిలింది. మనోడి మంచితనం ఇలా ప్రాణం మీదికి తెస్తుందని ఏ మీటింగులోనూ ఎవరూ చెప్పలేదే అని జగపతి లోలోపల కుమిలిపోయాడు. పక్కనే నడుస్తున్న ముత్తమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, గొంతు తగ్గించి బతిమాలాడు.

"నీకు దండం పెడుత. గా గుంటూరు డాక్టరునే పిలువు."

ముత్తమ్మ బిత్తరపోయింది. "ఆయన మనోడు కాదంటివి కదనయ్యా?"

"కాదు గనకనే పిలువుమంటున్న. నేను ఉపాసమున్ననంటే గాయిన నమ్మడు."