కాగ్నా గుట్ట ఎక్కిన పూట

ఆ రోజు లెక్చరర్ నిరోషా వేసుకున్న పథకం చిన్నదే. ఎనిమిదికల్లా కాలేజీకి వెళ్లి పదహారు కంప్యూటర్లనూ ఒకసారి కలిపి నడిపి చూసుకోవాలి. పదకొండుకు వికారాబాదు నుంచి వచ్చే అధికారి అతియా మేడంకు అదే చూపించాలి. చూపించలేకపోతే ఆ పదహారూ వికారాబాదు కాలేజీకి తరలిపోతాయి. ఆఫీసులు మూలన పడేసిన కంప్యూటర్లను ఒక్కొక్కటే బతిమాలి తాండూరు చేర్చడానికి ఆమెకు రెండేళ్లు పట్టింది.

అవి చేసే పని కాగ్నా నదికి వరద లెక్క కట్టడం. అనంతగిరి గుట్టల నుంచి కర్ణాటక సరిహద్దు దాకా నది పటాన్ని పదహారు ముక్కలు చేసి, తలా ఒకటి ఇచ్చింది. వరదలో ప్రతి గంట లెక్క కాగానే ఒక్కో కంప్యూటరు తన అంచున నీరెంత ఉందో పక్క ముక్కకు చెప్పాలి. చెప్పుకోవడానికి నీలం వైర్లు, అవన్నీ వచ్చి కలిసే ఒక డబ్బా ఉన్నాయి. ప్రిన్సిపాల్ చంద్రకాంత్ మాత్రం పరీక్షల అలవాటు కొద్దీ, పక్కపక్క నంబర్లు ఒకచోట ఉండకూడదని, సరి సంఖ్యలను ఒక గదిలో, బేసి సంఖ్యలను వరండా అవతలి గదిలో పెట్టించాడు. వైర్ల మీద ఆ తేడా తెలియలేదు. పొద్దున లెక్క మూడు నిమిషాల్లో తేలింది. నిరోషా తృప్తిగా టీకి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి అటెండరు యాకోబు గదులు రెండూ అద్దంలా తుడిచిపెట్టాడు. లెక్క మాత్రం మొదటి గంట దాటలేదు.

"కరెంటు డల్ ఉన్నట్టుంది" అంటూ చంద్రకాంత్ మెయిన్ ఆపి మళ్లీ వేశాడు. పదహారూ ఆరిపోయి, తీరిగ్గా ఒళ్లు విరుచుకుంటూ లేచాయి. అరగంట పోయింది.

"సార్, జర ఏం ముట్టకుండ్రి."

"నేనేం ముట్టిన నిరోషమ్మా? బటనే గద!"

ఇక దారిలేక, పక్క ముక్క అంకెను చేత్తో కొట్టుకునేలా నిరోషా ప్రోగ్రాం మార్చింది. కంప్యూటరుకొకరు చొప్పున విద్యార్థులను కూర్చోబెట్టింది. "మీ అంకె పక్క నంబరుకు చెప్పుండ్రి. గంతే."

పదహారు మందీ వరండా అవతలికి ఒక్కసారే అరిచారు. ఎవరికీ ఏమీ వినపడలేదు.

"అరవొద్దు! చీటీలు రాసి ఉరుకుండ్రి!"

ఉరికారు. సరిగ్గా అతియా మేడం వరండాలో అడుగుపెట్టిన క్షణాన షెహబాజ్, కృపారాణి ఆమె ముందే గుద్దుకున్నారు. చీటీలు చెల్లాచెదురై, తొందరలో ఎవరికి దొరికినవి వాళ్లు కొట్టేశారు.

మేడం స్క్రీన్ వైపు వంగి చూసింది. "ఏందమ్మా, కాగ్నా వాపస్ మా అనంతగిరి గుట్ట ఎక్కుతున్నది?"

"పదో నంబర్ చీటీ రెండో నంబర్‌కు పోయింది మేడం" అన్నాడు షెహబాజ్ రొప్పుతూ.

నిరోషా చీటీలు ఏరడానికి వంగింది. మేడం మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంది.

"లెక్కకెంతసేపు పడ్తది?"

"రెండు సెకండ్లు" అంది కృపారాణి.

"చీటీకి?"

"రెండు నిమిషాలు మేడం. స్వీపర్ నాగవ్వ వరండా కడుగుతుంటే ఐదు."

"అంటే పని చేసుడు తకలీఫ్ కాదు, చెప్పుకునుడే తకలీఫ్!" మేడం తొడ చరుచుకుంది. "ఐదు కాలేజీలల్ల తెర మీద బొమ్మలు చూపెట్టిండ్రు. ఒక్క ముక్క ఎక్కలె. ఇయ్యాల సమజైంది."

ఆమె కారు గేటు దాటాక యాకోబు నిరోషాతో మెల్లగా అన్నాడు. "మేడం, వైరు కొస ఒకటి ఊకెనే ఏలాడుతుండె. సాబ్లు వస్తరు, మంచిగుండదని డబ్బాల ఖాళీ బొక్క చూసి పెట్టిన."

నిరోషా వెళ్లి చూసింది. ఒకే వైరు రెండు కొసలూ డబ్బాలోనే ఉన్నాయి. చెప్పిన మాటే అందులో గిరగిరా తిరుగుతూ మిగతా మాటలకు దారి లేకుండా చేసింది. లాగేసింది. లెక్క మూడు నిమిషాల్లో తేలింది.

నాలుగో రోజు ఉత్తర్వు వచ్చింది. కంప్యూటర్లు పదహారూ తాండూరులోనే ఉంటాయి. అక్కడ వాడకంలో లేనట్టు గమనించిన వైర్లను, డబ్బాను మాత్రం వెంటనే వికారాబాదుకు పంపాలి.

కింద, విద్యార్థులకు పదహారు జతల బూట్లు మంజూరు చేసినట్టు రాసి ఉంది.