గురుగ్రహానికి దిష్టిచుక్క

ఆ శనివారం ఉదయం శ్రీసత్య వేసుకున్న పథకం చిన్నదే. భీమవరంలో అప్పారావు స్టూడియోకి వెళ్లి మూడు స్లైడ్లు తీసుకోవాలి, కాలేజీ సైన్సు ఎగ్జిబిషన్‌లో చూపించాలి, మొదటి బహుమతి కొట్టాలి. కొడితే విశాఖలో ఎమ్మెస్సీ ఫిజిక్సు. లేకపోతే ఎంబీఏ చదివి ఇంటి రొయ్యల వ్యాపారం చూసుకోవాలి. ఇది తండ్రి అచ్యుతరామరాజు గారు పెట్టిన షరతు. ఆయన మాటంటే మాటే.

ప్రాజెక్టు గురుగ్రహం మీద. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు ఒక్కసారిగా రంగు ఫోటో తీయదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అద్దాలు మార్చి మార్చి అడ్డుపెట్టి నలుపు తెలుపు బొమ్మలే తీస్తుంది. వాటికి రంగులిచ్చి కలిపేది ఇక్కడి మనుషులు. శ్రీసత్య కూడా మూడు ప్రొజెక్టర్లకు మూడు రంగుల గాజుకాగితాలు కట్టి, బొమ్మలన్నీ తెరమీద ఒకేచోట పడేలా చేసి అదే చూపించబోతోంది.

అప్పారావు సినిమా హాళ్లకు ప్రకటనల స్లైడ్లు చేస్తాడు. అంతకంటే ఎక్కువగా పెళ్లిచూపులకు పంపే ఫోటోలు దిద్దుతాడు. మచ్చ కనబడితే ఊరుకోవడం ఆ చేతికి తెలియదు.

"రెండిట్లో ఇంత మచ్చ ఉందండి, అమ్మాయిగారు. మూడోదాంట్లో లేదు. ఫిల్ము పాడైందనుకుని బ్లేడుతో గీకేశానండి. ఇప్పుడు చూడండి, ఎంత కళగా ఉందో."

శ్రీసత్య స్లైడు లాక్కుని వెలుగుకు పెట్టి చూసింది. "అది మచ్చ కాదండీ, ఎర్ర తుఫాను. భూమికంటే పెద్దది. గురుగ్రహాన్ని గుర్తుపట్టేదే దాంతో."

"ముందు చెప్పాలి కదండీ. తీసినవాణ్ణి పెట్టలేనా ఏంటి?" అన్నాడు అప్పారావు. ఆమె ఆటో పిలిచి వచ్చేలోపు, ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టకపోతే బాగోదని మూడిటికీ నల్లసిరాతో చుక్కలు పెట్టేశాడు. మళ్లీ చేయించే వ్యవధి లేదు.

హాల్లో లైట్లు ఆర్పారు. మూడు వెలుగులు కలిసి గురుగ్రహం నిండు రంగుల్లో వచ్చింది, బుగ్గన కాటుకబొట్టుతో సహా.

"ఇదేంటమ్మా, దిష్టిచుక్కా?" అన్నారు జడ్జి గారు.

"నేనే పెట్టానండి," అన్నాడు సాయానికని వెంట వచ్చి ప్రొజెక్టర్ల దగ్గర నిలబడ్డ అప్పారావు. హాలంతా గొల్లుమంది. ముందు వరసలో కూర్చున్న తండ్రి రాజుగారు తల దించుకున్నారు.

శ్రీసత్యకు ఏడుపొచ్చింది. అంతలోనే, సిరా మూడు రంగులనూ ఆపింది కాబట్టే అది నలుపైందని తట్టింది. ఎరుపు ప్రొజెక్టర్లోని స్లైడు తీసి, తడిపిన చున్నీ అంచుతో చుక్క తుడిచి మళ్లీ పెట్టింది. తెరమీద నల్లచుక్క ఎర్రబడింది. నవ్వులు ఆగిపోయాయి.

"అక్కడుండే ఎర్ర తుఫానుకి ఎరుపు బొమ్మలో వెలుగుంటుందండి, మిగతా రెండిట్లో తక్కువ. అప్పారావు గారికి రెండిట్లోనే మచ్చ కనబడింది అందుకే. ఆ తేడాలోంచే రంగు పుడుతుందండి."

రాజుగారు లేచి నిలబడ్డారు. "నీలం దాంట్లో కూడా తుడిస్తే?"

"వంకాయరంగు వస్తుంది నాన్నగారండీ."

"ఏదీ, చూపించు."

చూపించింది. ఇంకోసారి చూపించమన్నారు. మళ్లీ చుక్క పెట్టడానికి అప్పారావు సిరాబుడ్డితో సిద్ధంగానే ఉన్నాడు.

సాయంత్రం మొదటి బహుమతి రొయ్యలకు తనంతట తానే మేత వేసే మిషన్‌కి ప్రకటించారు. ఊరికి పనికొచ్చేది అదేనన్నారు. శ్రీసత్య గాజుకాగితాలు చుట్టుకుంటూ ఉంటే రాజుగారు పక్కకొచ్చారు.

"అప్లికేషన్ ఎక్కడ ఇస్తారమ్మడూ?"

"ఎంబీఏదాండీ?"

"ఎమ్మెస్సీది. రొయ్యలకి మేత వెయ్యడం నాకు తెలుసు. గ్రహానికి రంగు వెయ్యడం ఇవాళే తెలిసింది."

స్టేజీ మీద మేత మిషన్‌కి కప్పు ఇస్తుంటే హాలంతా చప్పట్లు కొట్టింది, అందరిలోకెల్లా ఎక్కువ రొయ్యల చెరువులున్న రాజుగారు తప్ప.